గొడుగు మీద పేరు

ఆదివారం మధ్యాహ్నం. బ్లాక్‌టౌన్ స్టేషన్ పక్కన ఆగిన కారు. లోపల బాలమురళి, అతని పదకొండేళ్ళ కూతురు రుచిత. శని, ఆదివారాలు తన దగ్గరుండే కూతుర్ని అతను తిరిగి తల్లికి అప్పగించేది ఇక్కడే. బయట కుండపోత వాన. తల్లి యుకారి రావాల్సిన ట్రైన్ ఇంకా రాలేదు.

"అలా కాదమ్ముడూ, కార్లో గొడుగు తెరవకూడదు. కన్ను పొడుచుకుంటావ్."

"తెరవట్లేదు నాన్నా. జస్ట్ చూస్తున్నా. ఎంత పొడుగ్గా ఉందో! మా స్కూల్లో ఇలాంటిది ఎవరూ తీసుకురారు. రైన్ వస్తే హుడీ లాక్కుని పరిగెత్తడమే."

"ఇక్కడంతే. ఈ ఊరి గాలికి ఏ గొడుగు నిలుస్తుంది? కానీ అక్కడ అలా కాదు. వానలో గొడుగు లేకుండా కనిపిస్తే, పాపం ఈ మనిషికి ఏమైందో అన్నట్టు చూస్తారు."

"అక్కడంటే జపాన్‌లోనా?"

"ఊఁ. మీ అమ్మమ్మ వాళ్ళ నగోయాలో. జూన్‌లో మొదలైందంటే నెల పైనే. ఇలా దంచి కొట్టదు. సన్నగా, ఆగకుండా, ఎవరితోనో తగువు పెట్టుకున్నట్టు పడుతూనే ఉంటుంది. పొద్దున్నే టీవీలో చూస్తారు. ఇవాళ వాన పడడానికి నలభై శాతం అవకాశం ఉందన్నారంటే చాలు, వీధి నిండా గొడుగులే."

"ఫార్టీ అంటే పడకపోవడానికే ఎక్కువ ఛాన్స్ కదా?"

"నేనూ అదే అనేవాణ్ణి. తడిసేవాణ్ణి కూడా."

"ఫన్నీ."

"సరే, పట్టుకో చూద్దాం. ఆఁ, అలా. కొస కిందికి. నడిచేటప్పుడు అడ్డంగా పట్టుకుని ఊపకూడదు, వెనకవాళ్ళకి గుచ్చుకుంటుంది. ట్రైన్ ఎక్కే ముందు బయటే దులిపి, ఈ పట్టీ చుట్టి, బటన్ పెట్టెయ్యాలి. తడిది పక్కవాళ్ళ కాళ్ళకి తగలకూడదు."

"తగిలితే తిడతారా?"

"తిట్టరు. అదే కష్టం. ఎవరూ ఏమీ అనరు. మనకే తెలియాలి."

"అమ్మలాగా."

"...ఊఁ."

"ఇంకా?"

"ఇంకా... ఇరుకు సందుల్లో ఎదురుగా ఎవరైనా వస్తుంటే నీ గొడుగు ఇలా అవతలికి వంచాలి. వాళ్ళు అటువైపు వంచుతారు. అప్పుడు ఒకళ్ళ గొడుగు నీళ్ళు ఇంకొకళ్ళ మీద పడవు."

"ముందు ఎవరు వంచాలి?"

"ముందూ వెనకా ఏముంది, ఇద్దరూ ఒకేసారి."

"ఒకళ్ళు వంచకపోతే?"

"రెండోవాళ్ళు తడుస్తారు."

"నువ్వూ అమ్మా..."

"మేమేంటి?"

"ఏం లేదు. లాలీస్ ఉన్నాయా?"

"ఆ అరలో చూడు. రెండే తీసుకో, పళ్ళు పాడవుతాయి."

"ఒకటి నీకు."

"నాకొద్దు తల్లీ. విను. స్కూలు గుమ్మంలో గొడుగుల కోసం పెద్ద స్టాండు ఉంటుంది. ఎవరి నంబరు వాళ్ళకి. మొదటిరోజే నీ క్లాసు వరస ఎక్కడో, అందులో నీ నంబరు ఏదో చూసి పెట్టుకుంటే..."

"నా క్లాసా?"

"అంటే... అక్కడి పిల్లలకి. మామూలుగా చెప్తున్నా."

"నేను వెళ్ళేది హాలిడేస్‌కే కదా?"

"ఊఁ."

"మరి?"

"మరి ఏం లేదు. గొడుగు గురించి చెప్తూ ఏదో... మాట వరసకి."

"ఓకే."

"ఓకే అంటే?"

"ఓకే అంటే ఓకే నాన్నా. అమ్మ ఏమైనా మెసేజ్ పెట్టిందా?"

"ఇప్పుడే వచ్చింది. పారమటాలో ఆపేశారట ట్రైన్‌ని. ట్రాక్ మీదికి నీళ్ళొచ్చాయట. ఎప్పుడు కదులుతుందో తెలీదంటోంది. అక్కడికి మనమే వెళ్దామా అంటే, వద్దు, రోడ్లు బాలేవు, పాపని పెట్టుకుని రావద్దంది."

"అమ్మ గొడుగు తెచ్చుకుందా?"

"మీ అమ్మ గొడుగు లేకుండా ఎప్పుడైనా గడప దాటిందా?"

"తెచ్చుకుంటుందిలే. తెరవదు, అంతే."

"అదేంటి?"

"మొన్న వర్క్ నుంచి వచ్చింది కదా, మొత్తం తడిసిపోయింది. జుట్టూ బట్టలూ అన్నీ. గొడుగు చేతిలోనే ఉంది నాన్నా. చుట్టేసి, బటన్ పెట్టి. స్టేషన్ నుంచి ఇంటిదాకా అలాగే నడిచొచ్చింది."

"ఎందుకని?"

"అడిగా. మర్చిపోయానంది."

"గొడుగు చేతిలో పెట్టుకుని మర్చిపోవడమేంటి?"

"నేనూ అదే అనుకున్నా. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్ళి ట్యాప్ తిప్పింది. చాలాసేపు. చప్పుడు బాగా వచ్చేలా. నేను టవల్ పట్టుకుని తలుపు బయట కూర్చున్నా."

"...నాకు చెప్పలేదేం?"

"నువ్వేం చేస్తావ్?"

"ఏదో ఒకటి... ఫోన్ చేసేవాణ్ణి కదా."

"నువ్వు ఫోన్ చేస్తే అమ్మ 'ఐయామ్ ఫైన్, థ్యాంక్యూ' అంటుంది. ఆ మాట అనేశాక మళ్ళీ వెళ్ళి ట్యాప్ తిప్పాలి."

"ఎక్కడ నేర్చుకున్నావే ఈ మాటలు?"

"నాన్నా, ఆ నూడుల్ షాప్ కథ చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ట్రైన్ ఎలాగూ రాలేదుగా."

"ఎన్నిసార్లు వింటావే! నగోయాలో నేను ఉద్యోగంలో చేరిన కొత్త. వాన పడుతోంటే ఒక నూడుల్స్ కొట్లోకి దూరా. గొడుగు బయట స్టాండులో పెట్టా. అన్నీ ఒకే రకం ప్లాస్టిక్ గొడుగులు, అవతలి మనిషి కనిపించేంత పల్చటివి. తినేసి వచ్చి ఒకటి తీసుకుని వెళ్ళిపోతున్నా. వెనకాల ఎవరో అమ్మాయి తడుసుకుంటూ పరుగు. 'సుమిమాసేన్, సుమిమాసేన్' అని. అంటే మన్నించండి అని. గొడుగు ఎత్తుకుపోయింది నేను, మన్నించమంటోంది తను."

"ఎలా తెలిసింది అది అమ్మదని?"

"పిడికి ఆకుపచ్చ రిబ్బను కట్టుకుంది. నేను చూసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయి గొడుగు చేతికిచ్చేశా. తను తీసుకోలేదు. మీరు ఎటు వెళ్ళాలి అనడిగింది. ఒకే గొడుగులో స్టేషన్ దాకా నడిచాం. అలా నడిస్తే అక్కడ ఒక పేరుంది, ప్రేమలో ఉన్నవాళ్ళని చెప్పుకుంటారు. నాకప్పుడు తెలీదు. తనకి తెలుసు. దారంతా చెవులు ఎర్రగా చేసుకుని, నేల చూపులు చూస్తూ నడిచింది."

"అమ్మ వేరేలా చెప్తుంది."

"ఎలాగ?"

"రిబ్బన్ చూసే తీశావట. లోపల కూర్చున్నప్పట్నుంచీ అమ్మనే చూస్తున్నావట."

"...అలా చెప్పిందా?"

"ఊఁ. నిజమేనా?"

"ఎప్పుడు చెప్పింది?"

"మొన్నే. టవల్ ఇచ్చాక. నాన్నా, నానమ్మ కాల్ చేస్తోంది. ఎత్తేశా, స్పీకర్లో వస్తుంది."

"ఏరా మురళీ, అప్పజెప్పేశావా పిల్లని?"

"లేదమ్మా, ట్రైన్ లేటు. వానకి..."

"మరి చెప్పావా దానికి? నోరు పెగిలిందా లేదా?"

"అమ్మా! స్పీకర్లో ఉన్నావు. పక్కనే ఉంది."

"అయ్యో... బుజ్జమ్మా, ఏం లేదే. అదే... జంతికలు, జంతికల సంగతి చెప్పాడా అని. వెనక సీట్లో డబ్బా పెట్టాను. మీ అమ్మకి కూడా పెట్టు. కారం తగ్గించే చేశానని చెప్పు."

"చెప్పాడు నానమ్మా. థ్యాంక్యూ."

"చెప్పాడా?"

"జంతికల గురించి."

"ఆఁ, అదే, అదే. సరే తల్లీ. జాగ్రత్త. తడిస్తే వెంటనే తల తుడుచుకో. ఏం?"

"ఓకే నానమ్మా. నువ్వు ట్యాబ్లెట్ వేసుకున్నావా?"

"వేసుకుంటా, వేసుకుంటా. ఉంటానమ్మా."

"నాన్నా, నానమ్మ ఏడుస్తోందా?"

"ఛ, లేదు. జలుబు చేసింది. ఈ వానలు పడట్లేదు ఆవిడకి. అవునూ, నేను జంతికల గురించి చెప్పలేదు కదా నీకు?"

"చెప్పలేదు. నువ్వు చెప్పలేదంటే నిన్ను తిడుతుంది కదా అని. హ్యాండిల్ దగ్గర ఇదేంటి, ట్యాగా?"

"అదా? అది తర్వాత చూడొచ్చులే. తడిసిపోతుంది, వదిలెయ్."

"కార్లో ఎలా తడుస్తుంది? ఏదో రాసుంది. జాపనీస్! నువ్వే రాశావా?"

"నేనే. పేరు. అక్కడ పిల్లలందరూ గొడుగు మీద పేరు రాసుకుంటారు. ఎక్కడైనా మర్చిపోతే తెచ్చిస్తారు. ట్రైన్లో వదిలేసినా స్టేషన్లో దాచిపెడతారు."

"నీ రైటింగ్ చాలా అగ్లీగా ఉంది నాన్నా."

"చెయ్యి తిరగడం మర్చిపోయింది. కాగితం మీద ఎంత ప్రాక్టీస్ చేసినా అంతే వచ్చింది. అర్థమవుతోందిగా?"

"రు... చి... తా. ఇది నేను. దీనికి ముందు... మో... రి. మోరి రుచిత. నాన్నా, నేను కొల్లిపర రుచిత కదా?"

"అవును."

"మోరి అమ్మ వాళ్ళది."

"అవును. అక్కడ కొల్లిపర అంటే ఎవరికీ నోరు తిరగదమ్ముడూ. నన్ను ఆఫీసులో ఎన్ని రకాలుగా పిలిచారో. పోయిన గొడుగు తెచ్చివ్వాలంటే ముందు పేరు చదవగలగాలి కదా వాళ్ళు? అందుకని."

"హాలిడేస్‌లో పోతే."

"..."

"సరే నాన్నా. బాగుంది. వైపర్స్ వెయ్యవా, ఏం కనిపించట్లేదు."

"రుచీ, ఇటు చూడు."

"చూస్తున్నా."

"కిటికీలోకి చూస్తున్నావ్. ఇటు."

"చెప్పకు నాన్నా."

"ఏం చెప్పొద్దు?"

"ఏం లేదు. ఆకలేస్తోంది. జంతికలు తీయనా?"

"తర్వాత తిందువు గాని. అమ్ముడూ, నేనొక మాట చెప్పాలి. మూడు వారాలుగా నువ్వు వచ్చినప్పుడల్లా చెప్దామనుకోవడం, నిన్ను చూడగానే నోట మాట రాకపోవడం. ఇవాళ తప్పదు."

"అమ్మ వచ్చాక చెప్పొచ్చుగా?"

"అమ్మే నన్ను చెప్పమంది. నా నోటితో వింటే నీకు భయం తగ్గుతుందంది. నీ బట్టలన్నీ సర్దుతోంటే నువ్వు అడుగుతావేమోనని రోజూ హడలిపోతోందట. అడిగావా?"

"లేదు."

"ఎందుకడగలేదు?"

"..."

"సరే. ఇది హాలిడే కాదు రుచీ. మీరు వెళ్ళేది సెలవులకి కాదు. అక్కడే ఉంటారు. అమ్మమ్మకి ఒంట్లో బాలేదు, అమ్మకి ఇక్కడ... ఇక్కడ అమ్మకి ఏమీ లేదు. నువ్వు అక్కడి స్కూల్లోనే చదువుకుంటావు. నేను ప్రతి సెలవులకీ వస్తా. లేకపోతే నువ్వే వస్తావు. రోజూ వీడియో కాల్ చేసుకుంటాం. టైమ్ తేడా కూడా పెద్దగా లేదు, గంటే. అంటే నువ్వు స్కూలు నుంచి వచ్చేసరికి నేను ఆఫీసు నుంచి... వింటున్నావా?"

"వింటున్నా."

"ఏడవట్లేదేం?"

"నాకు తెలుసు నాన్నా."

"ఏం తెలుసు?"

"హాలిడే కాదని."

"ఇందాకటి పేరు చూసా?"

"అంతకు ముందే."

"అమ్మ చెప్పేసిందా?"

"లేదు. నాకు తెలుసని అమ్మకి తెలీదు. చెప్పకు, ప్లీజ్. తను ఇంకా ప్రిపేర్ అవుతోంది."

"మరి ఇందాకట్నుంచీ నన్ను... గొడుగు ఎలా పట్టుకోవాలి, ముందు ఎవరు వంచాలి అని అడుగుతూ కూర్చున్నావు..."

"నువ్వు చెప్తున్నావు కదా అని. నువ్వు చెప్పేటప్పుడు బాగుంది."

"నా తల్లే..."

"ఏడవకు నాన్నా. కార్ పార్క్‌లో అందరూ చూస్తారు."

"ఎవరు చూస్తారే ఈ వానలో? చూడనీ. రుచీ, నేను నిన్ను ఊరికే వదిలెయ్యలేదు. అది నువ్వు తెలుసుకోవాలి. రేపు పెద్దయ్యాక, మా నాన్న నన్ను పంపించేశాడని అనుకోకూడదు."

"అనుకోను."

"నేను చెయ్యగలిగిందంతా చేశా. నానమ్మని తెనాలి నుంచి పిలిపించింది ఎందుకనుకున్నావ్? నేను ఆఫీసుకెళ్తే ఇంట్లో పిల్ల ఒంటరైపోతుందని ఎవరూ అనకూడదని. నిన్ను ఎవరి దగ్గర ఉంచాలో తేల్చే ఆ మీడియేషన్‌లో కూర్చున్న ప్రతిసారీ అదే చెప్పా. మా ఇంట్లో మనిషి ఉంది, వేళకి వండిపెడుతుంది, తల దువ్వుతుంది, స్కూలు నుంచి వచ్చేసరికి గుమ్మంలో నిలబడుతుంది. యుకారికి ఎవరున్నారు, తను పనికి వెళ్తే పాప తాళం తీసుకుని ఒక్కతే ఇంట్లోకి వెళ్ళాలి అని. మీ అమ్మ ఎదురుగానే అన్నా."

"అమ్మ ఏమంది?"

"ఏమంటుంది? తల వంచుకుని 'అవును, నిజమే' అంది. కోర్టుకెళ్తే ఏళ్ళు పడుతుందన్నారు. గెలుస్తానో లేదో ఎవరూ చెప్పలేరన్నారు. అయినా వెళ్దామనే అనుకున్నా. అప్పుడే ఆ పిల్లల కౌన్సెలర్ నీతో మాట్లాడింది. గుర్తుందా, బొమ్మలున్న గదిలో? కళ్ళద్దాల ఆంటీ?"

"గుర్తుంది. మంచిది."

"ఆవిడ వచ్చి మా ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒకే మాట చెప్పింది. 'మీ గొడవ ఆగిపోవాలని పాప కోరుకుంటోంది' అని. అంతే. ఇంకేమంది, ఎవరి దగ్గర ఉంటానంది అని ఎంత బతిమాలినా చెప్పలేదు. మీకు చెప్పడానికి పాప ఒప్పుకున్నది అంతవరకే అంది."

"నేనే అలా చెప్పమన్నా."

"తెలుసు. ఎందుకన్నావో కూడా తెలుసు. నాతోనే ఉంటానని చెప్పుంటావు. ఆ మాట అమ్మ చెవిన పడితే తట్టుకోలేదని దాచమన్నావు. నాకు ఆ క్షణమే అర్థమైంది. అర్థమై కూడా, ఇంక నిన్ను మధ్యలో నిలబెట్టి లాగలేక, మీ అమ్మ మొహం చూడలేక, సరే, తీసుకెళ్ళమని సంతకం పెట్టేశా. నువ్వు నన్ను కావాలనుకుంటే నేను నిన్ను వదులుకున్నా. అది నాకు నిద్ర పట్టనివ్వట్లేదమ్ముడూ."

"నాన్నా, ట్రైన్ వచ్చింది. జనం బయటికొస్తున్నారు."

"రానీ."

"అమ్మ మనల్ని వెతుక్కుంటుంది."

"కారు ఎక్కడుందో తనకి తెలుసు. ఒక్కమాట చెప్పి వెళ్ళు. నామీద కోపంగా ఉందా?"

"లేదు."

"కొంచెం కూడా?"

"లేదు నాన్నా. నువ్వు వదులుకోలేదు. అలా అనుకోకు."

"మరి ఇంకెలా అనుకోమంటావు? ఆ ఆంటీతో నువ్వు అన్నమాట నేను వినలేదు. వినుంటే సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఇప్పుడైనా చెప్పు. అమ్మకోసమే కదూ దాచమంది?"

"కాదు. నీకోసమే."

"ఏమని చెప్పావు ఆవిడతో?"

"అమ్మతో వెళ్తానని. నీకు నానమ్మ ఉంది కదా, నాన్నా."